కేంద్రం తలుపు

నేను రాజ్యాంగం గురించి రాయడమంటే ఈత రానివాడు చెరువు లోతు చెప్పడమే. చెప్పగలడు, కాకపోతే అడుగు నుంచి చెప్పాలి. ఏడో తరగతిలో నేను బడిని వదిలేశానా, బడే నన్ను వదిలించుకుందా అన్నది ఇప్పటికీ తేలలేదు. తేలకపోయినా ఇద్దరం సుఖంగానే ఉన్నాం. అలాంటివాణ్ని ఒకప్పుడు మాదాపూర్‌లో ఒక ప్రభుత్వానికి కార్యనిర్వాహక శాఖగా పనిచేశాను. శాఖలో ఉన్నది నేనొక్కణ్నే. నా అధికారంలో ఉన్నది ఒక నీళ్ళ మోటారు.

మొన్నొక రోజు నానక్‌రామ్‌గూడలో అద్దాల మేడ ముందు క్యాబ్ ఆపుకొని కూర్చున్నాను. లోపల లాన్‌లో ఉద్యోగులను వరసగా నిలబెట్టి, చేతులు ముందుకు చాపించి, రాజ్యాంగ పీఠిక చదివిస్తున్నారు. పక్క క్యాబ్ డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, ఇదేం ప్రార్థన భాయ్ అని అడిగాడు.

"ప్రార్థన కాదు, అది గడప. ఇల్లు లోపలుంటది," అన్నాను.

అనేశాక నాకే ఆశ్చర్యం వేసింది. ఆ మాట నాది కాదు. నా మాటలు అంత పొందికగా ఉండవు. అది మా టీచరమ్మ మాట. ఇన్నేళ్ళూ నాలో ఏ మూలన అద్దె కట్టకుండా ఉందో, పిలవకుండానే బయటికొచ్చింది.

టీచరమ్మ పేరు ఆమె ఇంటి గేటు పక్క రాతిపలక మీద చెక్కి ఉండేది. ఆ ఇంట్లో కిరాయికున్న మేమెవరమూ పలికిన పాపాన పోలేదు. కోస్తా జిల్లాల బళ్ళలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. బళ్ళోంచి ఆమె బయటికొచ్చింది గానీ ఆమెలోంచి బడి రాలేదు. వేరే ఇళ్ళ యజమానురాళ్ళు నడుముకి తాళాలగుత్తి దోపుకునే చోట ఆమె సుద్దముక్క దోపుకునేది. చెప్పేది అర్థం కాలేదని ఎదుటివాడి మొహంలో కనబడితే చాలు, వంగి నేల మీదో, నీళ్ళ తొట్టి మీదో, గేటు మీదో గీతలు గీసేది. వాన పడితే ఇల్లంతా రాజ్యాంగం కారేది.

హైటెక్ సిటీ అన్న మాట బోర్డుల మీద పుట్టిన కొత్త అది. బోర్డుల వెనక ఉన్నవన్నీ బండలే. వాటిని పేల్చేవాళ్ళు, పగిలిన రాయిని నేను టిప్పర్‌లో మోసేవాణ్ని. దూరంగా గుండ్రటి మేడ ఒకటి లేస్తుండేది. పేలుడు మోతకి మాదాపూర్ పాత ఊళ్ళో గూట్లో గిన్నెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి. ఆ ఊళ్ళోనే టీచరమ్మ ఇల్లు. నడిమి గది ఆమెది. చుట్టూ మూడు గదులు కిరాయికి ఇచ్చేది.

గది అడగడానికి పోయినరోజు నన్ను కూర్చోబెట్టి, సమాఖ్య అంటే తెలుసా అంది. లారీల యూనియన్‌లో మెంబర్‌నేనమ్మా అన్నాను. దగ్గరికొచ్చావయ్యా అని గది ఇచ్చింది.

మిగతా రెండు గదుల్లో ఒకటి కడప వైపు నుంచి వచ్చిన నర్సమ్మది. మదీనాగూడలో చిన్న దవాఖానలో పని. ఇంకోదాంట్లో కంప్యూటర్ కోర్సు కుర్రాళ్ళిద్దరు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తికమక పడతాయట, వాటిని సరిచేయడం నేర్చుకుంటున్నారు. అన్నం వార్చడం మాత్రం నేర్చుకోలేదు.

వరండా గోడకి నల్లబల్ల. దాని మీద మూడు గళ్ళు. మొదటి గడి కేంద్రానిది, అంటే ఆమెది: గేటు, టెలిఫోను, డాబా మెట్లు, మోటారు వేసే వేళ. రెండోది రాష్ట్రాలది, అంటే మాది: ఎవరి గది వాళ్ళది, ఎవరి పొయ్యి వాళ్ళది, గదిలో ఎవరు ఎన్ని పాటలు పాడుకున్నా కేంద్రం తల దూర్చదు. మూడోది ఉమ్మడి జాబితా: స్నానాలగది, బట్టల తీగ, దినపత్రిక, కరెంటు. ఉమ్మడి దానిలో ఇద్దరికీ మాట ఉంటుంది, పేచీ వస్తే కేంద్రం మాట నెగ్గుతుంది. కరెంటు నిజం రాజ్యాంగంలోనూ ఉమ్మడి జాబితాలోనే ఉందని, అందుకే పోయినప్పుడు ఎవరూ బాధ్యత తీసుకోరని ఆమె చెప్పేది.

ఏ జాబితాలోనూ లేనివి? అవి కేంద్రానివే. వాటిని అవశిష్ట అధికారాలు అంటారు. ఆ మాట పలకడానికి నాకు చాలాకాలం పట్టింది. పలకడం వచ్చాక ఊరికే ఉండక, అధికారాలు మిగిలితే మీరు తీసుకుంటున్నారు, చారు మిగిలితే ఎవరిదమ్మా అని అడిగాను. ఆలోచించి, రాష్ట్రాలది అని తీర్పిచ్చింది. అప్పట్నుంచి రోజూ ఆమె గుమ్మం పక్కన గిన్నెలో చారు ఉండేది. ఒక మనిషికి అంత చారు ఎలా మిగిలేదో అప్పట్లో నేను లెక్క వేయలేదు. లెక్కల్లోనే కదా బళ్ళో మాస్టారికీ నాకూ చెడింది.

ఏది కనబడినా ఒకటే అడిగేది: "అది ఎవరి జాబితా?" గేటు ముందు పందులు పడుకున్నా అదే, రైలు ఆలస్యమైనా అదే. పందులు స్థానికం, రైలు కేంద్రం, పోలీసు రాష్ట్రం, పెళ్ళీ విడాకులూ ఉమ్మడి. దేశంలో ప్రతిదానికీ ఒక గూడు ఉందని, గూడు తెలిస్తే ఎవర్ని అడగాలో తెలుస్తుందని ఆమె నమ్మకం. అడగడానికి ఒకరున్నారంటే మనిషికి సగం ధైర్యమయ్యా అనేది.

కేంద్ర జాబితాలో అన్నిటికన్నా పైన రాసిన పేరు కేంద్రం తలుపు. దాన్ని ఎవరూ తట్టకూడదు, తొయ్యకూడదు. పని ఉంటే వరండాలో నిలబడి పిలవాలి, ఆమె బయటికి వస్తుంది. పంతులమ్మ గదిలోకి చెప్పుకోవడానికి ఒక్కొక్కరే దూరితే చాడీలవుతాయట, నలుగురిలో అడిగితే చర్చ అవుతుందట. సాయంత్రం రేడియోలో వార్తలు అయిపోగానే ఆ తలుపుకి ఇనుప గడియ పడేది. ఠప్పుమని ఇల్లంతా వినబడేది. ఆ చప్పుడే మాకు గెజిట్. ఇవాళ్టికి ప్రభుత్వం మూసేశారని అర్థం.

అన్నీ తనే ఏలుతుందనుకునేరు. ఏ ఒక్కరినీ అన్నీ ఏలనిచ్చేది కాదు, తనని కూడా. చట్టం చేసే చెయ్యి, దాన్ని నడిపే చెయ్యి, తప్పొప్పులు తేల్చే నోరు ఈ మూడూ ఒకే ఒంటికి ఉంటే ఆ ఒంటికి రోగమొస్తుందనేది. అందుకని ఆదివారం పొద్దున వరండాలో కూర్చునే మేమందరం శాసనసభ. ఆమె వేలెత్తితే మోటారు వేసే నేను కార్యనిర్వాహక శాఖ. మిగిలింది న్యాయస్థానం. అది నర్సమ్మకి ఇచ్చింది. డ్యూటీ దిగొచ్చి సగం నిద్రలో ఉన్న మనిషికి ఎవరి మీదా పక్షపాతం ఉండదని కారణం చెప్పింది. నాకు మోటారొక్కటీ చాలలేదు, ప్రతిపక్షం కూడా కావాలన్నాను. నడిపేవాడే ఎదిరించడమేందని నర్సమ్మ అడ్డుపడింది. మనది చిన్న రాజ్యం, మనుషులు చాలరు, కానీ అని టీచరమ్మ ఒప్పుకుంది.

ఒకసారి బట్టల తీగ కుర్రాళ్ళ వంతు వచ్చిన రోజున ఆమె తన చీరలు దాని నిండా ఆరేసింది. కుర్రాళ్ళు భయపడ్డారు. నేను వాళ్ళను ఎగదోసి కేసు వేయించాను. నర్సమ్మ కళ్ళు నలుపుకుంటూ వచ్చి, బల్ల చూసి, తీగ చూసి, చీరలు తియ్యాల టీచరమ్మా అని చెప్పి పోయి పడుకుంది. పెద్దావిడ నీళ్ళు కారుతున్న చీరలు తీసి భుజాన వేసుకుంది. కోపం వస్తుందని చూస్తున్నాను. ఆమె నా దగ్గరికొచ్చి, పరీక్ష పాసైన పిల్లలా మొహం పెట్టి చెప్పింది.

"చూశావా? నా ఇంట్లో నేను ఓడిపోయాను."

ఆ రోజంతా చారులో ఇంగువ ఘుమఘుమలాడింది.

ఆదివారం సభకి కుర్చీలన్నీ ఆమే లోపలినుంచి తెచ్చి వేసేది. మేం పట్టుకుంటామన్నా తలుపు దాటనిచ్చేది కాదు. కుర్రాళ్ళు ఒళ్ళో కోర్సు పుస్తకం పెట్టుకొని వచ్చేవాళ్ళు. నర్సమ్మ ఆవలించేది. నాకు బండి ఉంటే నేనూ ఉండేవాణ్ని కాదు. ఎవరూ రాని ఆదివారం ఆమె ఆ కుర్చీల మధ్య కూర్చొని, కోరం లేదని మాకు తర్వాత చెప్పడానికి, మధ్యాహ్నం దాకా చూసేదట. వారంలో ఆమెకి మాట్లాడే రోజు అదొక్కటే. మిగతా రోజులు బండలు మాట్లాడేవి. ఆమెకి ఎవరున్నారో, ఎందుకు ఒంటరిగా ఉందో మేం అడగలేదు. అది లోపలి సంగతి, కేంద్ర జాబితా.

ఒక వానాకాలం కుర్రాళ్ళిద్దరికీ ఒకేసారి జ్వరాలు పట్టుకున్నాయి. ఆమె చీపురు, జావగిన్నె పట్టుకొని వాళ్ళ గదిలో అడుగుపెట్టింది. రాష్ట్రంలో పాలన నడవనప్పుడు రాష్ట్రపతి పాలన పెట్టొచ్చు, రాజ్యాంగంలో ఉంది అని ప్రకటించింది. ఊడ్చింది, తుడిచింది, స్టూలు మీద కూర్చొని కాపలా కాసింది. ఆ కొద్దిరోజులూ ఆమె నడక మారిపోయింది. కుర్రాళ్ళు లేచి తిరగడం మొదలుపెట్టాక, ఇక ప్రజాపాలన ఇచ్చేయాలి అంటూ స్టూలు తీసుకొని బయటికొచ్చింది. రాజ్యం పోగొట్టుకున్నవాళ్ళు కూడా అంత మెల్లగా నడవరు.

ఆ ఆదివారం సభలో అదే పాఠం. ఏ పరిస్థితిలో రాష్ట్రాన్ని కేంద్రం చేతిలోకి తీసుకుంటుంది, పార్లమెంటు ఎలా ఒప్పుకోవాలి, ఎప్పుడు తిరిగి ఇవ్వాలి. నేను ప్రతిపక్షంగా లేచి నిలబడ్డాను.

"మేం పడిపోతే మీరొస్తరు. మీరు పడిపోతే ఎవరొస్తరమ్మా?"

కుర్రాళ్ళు నవ్వారు. నేను నవ్వు కోసమే అడిగాను. ఆమె నవ్వలేదు. ఒళ్ళోని లావుపాటి పుస్తకం తిప్పింది. ఎక్కడుందో తెలిసిన మనిషి వెతికినట్టు కాకుండా, ఉంటే బాగుండునని వెతికినట్టు తిప్పింది.

"కేంద్రానికి రాష్ట్రపతి పాలన లేదయ్యా. అలాంటి అధికరణం రాయలేదు."

"మరిచిపోయిన్రా?"

"మరిచిపోలేదు. కేంద్రం పడిపోదనుకున్నారు."

కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది. తుడిచింది పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకొని, శ్మశానాలు మాత్రం రాష్ట్ర జాబితాలో ఉన్నాయి, ఎంత పెద్ద కేంద్రమైనా చివరికి మీ చేతుల్లోకే రావాలి అంది. ఈసారి తను నవ్వింది, మేం నవ్వలేదు. సభ తొందరగా ముగిసింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి నాకు ఒకటి తోచింది. సాయంత్రం వార్తలు అవుతున్నాయి, గడియ చప్పుడు వినబడడం లేదు. ఇంకొకడైతే ఆలోచించేవాడు. నేను పరాచికమాడాను.

"ఏందమ్మా, గడియ చప్పుడైత లేదు. కేంద్ర బడ్జెట్ల నూనెకు పైసలొచ్చినయా?"

ఆమె నావైపు చాలాసేపు చూసింది. ఇంకేదో అంటానని ఎదురుచూసినట్టుగా.

"చెవులు బాగానే ఉన్నాయయ్యా నీకు," అంది.

నేను దాన్ని మెచ్చుకోలుగా తీసుకున్నాను.

ముసురు పట్టిన ఒక పొద్దున మోటారు దగ్గర నిలబడి వేలు కోసం చూస్తున్నాను. వేలు రాలేదు. ట్యాంకులో నీళ్ళు లేవు. వరండాలో నిలబడి పిలిచాను, నిబంధన ప్రకారం. పలకలేదు. కుర్రాళ్ళూ వచ్చారు, వాళ్ళూ పిలిచారు. పైన రేకుల మీద వాన, పిలిచిన పిలుపు మాకే సరిగా వినబడడం లేదు. బజారుకి పోయిందేమో అన్నాడొకడు. చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి. చారుగిన్నె మాత్రం లేదు.

తలుపు తడదామా అన్నారు. అది కేంద్ర జాబితా కదా అన్నాను. ఒకడు ఇది అత్యవసర పరిస్థితి అన్నాడు. ఇంకొకడు, అది ప్రకటించాల్సింది కేంద్రమే, కేంద్రం లోపలుంది అన్నాడు. నవ్వొచ్చింది. మొదట నిజంగానే నవ్వాం. తర్వాత నవ్వు ఆగిపోయింది, చర్చ ఆగలేదు. చివరికి వేళ్ళ కణుపులతో తట్టాం, అతిథుల్లాగా. తలుపు కదల్లేదు. లోపల గడియ ఉంది, వడ్రంగిని పిలిచి బద్దలు కొట్టించాల్సిందే అని తీర్మానించాం. వడ్రంగి ఎవరి ఖర్చు అన్నది కూడా కాసేపు నలిగింది. పెద్దోడివి, నువ్వే చెప్పన్నా అన్నారు కుర్రాళ్ళు. ఇంతకాలం మోటారు కూడా వేలు చూడకుండా వేసినవాణ్ని కాదు.

అప్పుడు గేటు తీసుకొని నర్సమ్మ వచ్చింది. గొడుగు ముడవలేదు. మేం చెప్తున్నది సగం విని, నన్ను పక్కకి నెట్టి, తలుపుకి భుజం ఆనించి తోసింది. వానకి ఉబ్బిన తలుపు కాసేపు మొరాయించి, కిర్రుమని తెరుచుకుంది.

గడియ వేసి లేదు. గడియ కొక్కేనికి సాలీడు గూడు అల్లుకొని ఉంది.

మంచం పక్కన నేల మీద టీచరమ్మ పడి ఉంది. కాలు వేరే ఎవరిదో అన్నట్టు పక్కకి తిరిగి ఉంది. ఎప్పుడు పడిందో ఏమో, గొంతు తడారిపోయి మాట బయటికి రావడం లేదు. మా మాటలు మాత్రం తలుపు సందులోంచి లోపలికి పోయినట్టున్నాయి. నర్సమ్మ ఆమె తల ఒళ్ళోకి తీసుకొని నీళ్ళు తాగించింది. ఆమె చూపు నా మీద ఆగింది.

"చర్చ బాగా జరిగిందా?" అంది.

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. సభ బాగా జరిగితే సంతోషించే మనిషి.

కేంద్రం లోపల ఏముంటుందో నేను చూసింది ఆ రోజే. మంచం, రేడియో, గోడవార సభ కుర్చీలు. తలుపు పక్కన చిన్న బల్ల మీద గ్లాసులు కడిగి బోర్లించి ఉన్నాయి. ఆమె తాగే గ్లాసు మంచం దగ్గరుంది. బోర్లించినవి మాకోసం.

తుంటి ఎముక విరిగింది. దవాఖానలో ఉండగా ఆమె చెల్లెలు వచ్చి ఊరికి తీసుకుపోయింది. వ్యాను కదిలే ముందు నన్ను పిలిచి, మోటారుని రాష్ట్ర జాబితాలోకి మార్చానయ్యా, ఇక వేలు చూడనక్కర్లేదు, నీ ఇష్టం వచ్చినప్పుడు వేసుకో అంది. నడుము దగ్గర చెయ్యి తడుముకుంది. సుద్దముక్క లేదు. బల్ల మీద ఆ మార్పు రాసే అవకాశం రాలేదు.

ఆ ఇంట్లో ఇంకొన్నాళ్ళున్నాను. అధికారమంతా నాదే. ఇష్టం వచ్చినప్పుడు మోటారు వేసేవాణ్ని. ట్యాంకు నిండి, పొంగి, గోడ వెంట నీళ్ళు కారేవి. ఆపవయ్యా అనేవాళ్ళు లేరు. ఎవరైనా అంటారేమోనని నేనూ ఆపకుండా కాసేపు నిలబడేవాణ్ని. తర్వాత కుర్రాళ్ళు ఉద్యోగాలొచ్చి బెంగుళూరు పోయారు. ఇల్లు బిల్డరు చేతికి పోయింది. గుండ్రటి మేడలో దీపాలు వెలిగాయి. నేను టిప్పర్ దిగి కంపెనీ వ్యాను ఎక్కాను.

ఆమె పోయిందన్న కబురు నర్సమ్మే తెచ్చింది. మదీనాగూడలో రోడ్డు పక్క హోటల్ ముందు బెంచీ మీద కూర్చున్నాం. ఏ జాబితాలోకి పోయిందో టీచరమ్మ అన్నాను. నర్సమ్మ చాయ్ ఊదుకుంటూ తాగింది. నాకు ఊరుకోవడం చేతకాదు. ఊరుకుంటే ఏదో ఒకటి బయటికొస్తుందని భయం.

"గడియ తీసిపెట్టినట్టు సభల ఒక మాట చెప్తే ఏం పోయేది? బల్ల మీద రాయకపాయె. ఏడో తరగతి దాటనోనికి ఎట్ల తెలుస్తది?" అన్నాను.

నర్సమ్మ గ్లాసు కింద పెట్టింది.

"ఆయమ్మ పడిపోతే ఎవరొస్తారని అడిగింది నువ్వే గదన్నా. ఆయమ్మ జవాబు గూడా చెప్పింది. తలుపు తోసేదానికి ఏ తరగతి చదవాల?"